నారింజ సారా

మొన్న అనువాద తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి ఈ వ్యాసానికి కారణమయినది. డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థులకు, ఇంగ్లీషులోకి వచ్చిన ఒక ఫ్రెంచి కథలోని పుట ఇచ్చి తెలుగు చేయమన్నాను. అందులో భోజనమయిన పిమ్మట గృహస్థు తన అతిథికి చిన్న గాజుపాత్రలో గ్రాన్ మార్నియే పోసి ఇస్తాడు. ముప్పదిమందిలో ఇరవైమంది ఆ పేరును ఉన్నదున్నట్లు తెలుగు లిపిలోకి దింపి ఊరుకున్నారు. కొందరు "మద్యం" అన్నారు. ఒకరిద్దరు "శీతల పానీయం" అని వ్రాసి నన్ను నవ్వించినారు. ఒక్క కుర్రవాడు మాత్రం, ఎక్కడ వెతికి తెలుసుకొన్నాడో గాని, "నారింజ సారా" అని వ్రాసినాడు. ఆ మాట పైకి చదివినాను. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వినాను; నవ్వి, అర మార్కు తగ్గించినాను.

సాయంత్రం అధ్యాపకుల గదిలో ఈ ముచ్చట చెప్పగా, వయసులో నాకంటె పెద్దవారు, నేను గౌరవించేవారు అయిన ఒక మిత్రులు నవ్వలేదు. "పిల్లలకు ఇటువంటి పుటలు ఇవ్వడమే తప్పండీ. ఏ దేశపు సారా అయితేనేమి? దాని పేరూ ఊరూ మన పిల్లలకు ఎందుకు?" అన్నారు.

ఈ రెండు మాటలూ నన్ను చాలారోజులు వదలలేదు. నేను మద్యం ముట్టినవాడను కాను. ముట్టవలెనన్న కోరికా లేదు. ఐనను, ఒక వస్తువు పేరును తెలుగు చేయమని పిల్లలకు చెప్పి, ఆ వస్తువు ఏమిటో నాకే సరిగా తెలియకపోవడం సిగ్గనిపించినది. చదివినాను, తెలిసినవారిని అడిగినాను. తెలిసినకొద్దీ, ఆ కుర్రవాని మాటకు నేను నవ్వి ఉండవలసినది కాదనీ, మిత్రుల మాటకు తల ఊపి ఉండవలసినది కాదనీ అనిపిస్తున్నది.

పారిస్ నగరానికి పడమటగా నోఫ్ల్-ల-షాతో అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడ 1827లో ఝాఁ-బాప్తీస్త్ లాపొస్తోల్ అనే ఆయన పండ్ల రుచిగల తియ్యని మద్యాలు కాచే బట్టీ పెట్టినాడు. ఫ్రెంచివారు ఇట్టి తియ్యని మద్యాన్ని "లికర్" అంటారు. మన పట్టణాలలో దుకాణాల నొసట కనిపించే "లిక్కర్" వేరు, ఇది వేరు. ఐరోపా నిబంధనల ప్రకారం సామాన్యంగా లీటరుకు 100 గ్రాముల చక్కెరైనా లేనిదే దానికి ఆ పేరు పెట్టరాదు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు ఆ కుటుంబంలోని యూజీన్ లాపొస్తోల్ నైరుతి ఫ్రాన్సులోని కోన్యాక్ సీమకు వెళ్ళి, తిరిగి వస్తూ అక్కడి ద్రాక్షసారాను వెంట తెచ్చినాడని వారి కుటుంబ చరిత్ర చెబుతున్నది. 1876లో ఆ ఇంటి పిల్ల జూలియాను లూయీ-అలెగ్జాండర్ మార్నియే వివాహమాడినాడు. ఈ అల్లుడే 1880లో కోన్యాక్‌ను, చేదు నారింజ సారాన్ని కలిపి ఒక కొత్త పానీయం సిద్ధం చేసినాడు. మొదట దానిని క్యూరసావ్ మార్నియే అన్నారు. గొప్ప హోటళ్ళు నడిపిన సీజర్ రిట్జ్ రుచి చూసి, "గ్రాన్" అనగా "ఘన" అనే విశేషణం తగిలించినాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వ్యాపారస్తులు చెప్పుకొనే కథలను ఎంతవరకు నమ్మవలెనో పాఠకులకు తెలుసును.

ఇక నారింజ సంగతి. తెలుగు ఉపాధ్యాయులు ఇక్కడ కొంచెం ఆగవలె. ఈ పానీయానికి వాడేది మనం ఒలుచుకొని తినే కమలా కాదు, రసం తీసే బత్తాయి కాదు. అది చేదు నారింజ. పంపరపనసకు, కమలా జాతికి కలిగిన సంకరమని నేటి జన్యుశాస్త్రజ్ఞులు తేల్చినారు. ఆసియా ఖండపు ఈ కొసలో పుట్టి, అరబ్బుల చేతిమీదుగా పదవ, పదకొండవ శతాబ్దాలలో సిసిలీ, స్పెయిన్ దేశాలకు చేరినది. ఐరోపా వారికి తియ్య నారింజ తెలిసినది ఆ తరువాత కొన్ని వందల ఏండ్లకు. పండుతోపాటు పేరూ ప్రయాణం చేసినది. సంస్కృతంలో నారంగము, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్; స్పెయిన్ వారి నోట నరంహ; ఫ్రాన్సు చేరేసరికి ముందున్న నకారం జారిపోయి ఒరాంజ్. సంస్కృతపు నారంగానికి కూడా మూలం ద్రావిడ భాషలలో ఉన్నదని పలువురు భాషావేత్తల ఊహ. కనుక ఆ కుర్రవాడు తన అనువాదంలో "నారింజ" అని వ్రాసినప్పుడు, ఒక విధంగా ఆ మాటను ఇంటికి తీసుకొనివచ్చినాడు.

1493లో కొలంబస్ తన రెండవ ప్రయాణంలో నారింజ గింజలను హిస్పానియోలా ద్వీపానికి తీసుకొనిపోయినాడు. నేటి హైతీ ఆ ద్వీపంలోని భాగమే. గ్రాన్ మార్నియేకు కావలసిన తొక్కలు ఆ కరీబియన్ సీమ నుండి వచ్చేవే. ఆ సముద్రంలోనే క్యూరసావ్ అనే ద్వీపం ఉన్నది. స్పెయిన్ వారు అక్కడ నాటిన తియ్య నారింజ, ఆ ఎండిన నేలలో బ్రతికినది గాని, కాయ చేదై నోట పెట్టరానిదయినది. మేకలు కూడా ముట్టవని అక్కడివారు అంటారట! ఐతే ఎండిన తొక్కను నలిపి చూస్తే అపూర్వమైన పరిమళం. ఆ తొక్కతో తయారైన మద్యానికి ద్వీపం పేరే వచ్చినది. మార్నియే తన పానీయానికి మొదట పెట్టుకొన్న పేరులోని "క్యూరసావ్" అదే.

చేదు నారింజలో రసానికి విలువ లేదు, విలువంతా తొక్కది. తొక్కలోనూ పైపొరది. ఆ పొర నిండా సూదిమొన పాటి నూనె తిత్తులుంటాయి. నారింజ ఒలిచేటప్పుడు కంటిలోకి చిమ్మి మంట పెట్టేది ఆ నూనే. అందులో అధిక భాగం లిమొనీన్ అనే పదార్థం. క్రింది తెల్లని పొరలో పరిమళం లేదు, చేదు మాత్రమే. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోస్తారు. అప్పుడే ఆ నూనె చిక్కగా ఉంటుంది. తొక్క ఒలిచి ఎండలో ఆరబెడతారు. పిమ్మట తెల్లపొర తీసివేసి, ఏ వాసనా లేని శుద్ధమైన ఆల్కహాలులో నానవేస్తారు. నానిన తరువాత దానిని బట్టీలో కాచి, ఆవిరిని చల్లబరచి పట్టుకొంటారు. తొక్కలోని చేదు పదార్థాలు, రంగు అడుగున నిలిచిపోతాయి. పరిమళం ఆవిరితోపాటు పైకి పోతుంది. మన ఆయుర్వేద వైద్యులు అర్కములు తీసే పద్ధతి ఎరిగినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు.

పానీయంలోని రెండవ సగం కోన్యాక్. అదే ముఖ్యం. కోన్యాక్ పట్టణం చుట్టూ పండే యూని బ్లాన్ అనే తెల్లద్రాక్షతో చేసిన సారా కోన్యాక్. ఆ ద్రాక్షరసం పులిస్తే వచ్చే మధువు పలుచన, పులుపు. భోజనపు బల్లమీద పెట్టడానికి ఎవరూ ముచ్చటపడరు. కాని బట్టీకి అదే శ్రేష్ఠం. పోలీసులు దాడిచేసి పారబోసినారని మన పత్రికలలో చదివే "బెల్లపు ఊట" వంటిదే ఈ ద్రాక్ష ఊట. రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. మొదటిసారి దిగినదానిలో ఆల్కహాలు నూటికి 30 పాళ్ళకు అటూ ఇటూ. రెండవసారి సుమారు 70. రెండవ కాపులో మొదట దిగే ధారను, చివర దిగే ధారను వేరుచేసి, నడిమి ధారను మాత్రమే ఉంచుకొంటారు. ఆ నడిమి ధారకు ఫ్రెంచిలో "హృదయం" అని పేరు. ఒక లీటరు రావడానికి సుమారు తొమ్మిది లీటర్ల మధువు పోవలె. కోత జరిగిన మరుసటి సంవత్సరం మార్చి 31లోపల కాపు ముగియవలెనని చట్టం. ఆ తరువాత సింధూరపు కొయ్య పీపాలలో కనీసం రెండేండ్లు నిలువ ఉంచనిదే దానిని కోన్యాక్ అనరాదు.

పీపాలలో ఉన్న సారా ఊరికే ఉండదు. కొయ్యనుండి రంగూ, వాసనా పీల్చుకొంటుంది. ఏటా నూటికి రెండు పాళ్ళ వరకు ఆవిరియై గాలిలో కలిసిపోతుంది. ఆ పోయినదానిని అక్కడివారు "దేవదూతల వాటా" అంటారు. ఆ ఆవిరి తిని బ్రతికే ఒక నల్లని బూజు గిడ్డంగుల గోడలమీద, పెంకులమీద మసి పూసినట్లు పట్టుకొంటుంది. ఎక్కడ సారా నిలువ ఉన్నదో ఇంటికప్పు చూసి చెప్పవచ్చును. మన ఊళ్ళలో దొంగబట్టీలను పట్టుకొనే ఉద్యోగులకు ఇటువంటి సదుపాయం లేదు!

ఈ రెండింటినీ చక్కెర పాకంతో కలుపుతారు. వారు ప్రకటించిన లెక్క ప్రకారం కోన్యాక్ నూటికి 51 పాళ్ళు, నారింజ సారం 49. నోట పెట్టరాని కాయ ఒకటి, ఎవరూ మెచ్చని పుల్లని మధువు ఒకటి. ఆ రెండింటి సమ్మేళనం ఇది. రాగి బట్టీ ఆకారంలోనే సీసా పోతపోసి, మెడకు ఎర్ర రిబ్బను కట్టి, లక్క ముద్ర వేస్తారు. కోన్యాక్‌కు బదులు మామూలు ఆల్కహాలు వాడి చేసిన పసుపు రిబ్బను రకమూ ఒకటి ఉన్నది. వందేండ్ల పండుగకు 1927లోను, నూట యాభై ఏండ్ల పండుగకు 1977లోను మరింత పాత కోన్యాక్‌లతో ప్రత్యేక రకాలు చేసినారు. 2016లో ఈ సంస్థ ఇటలీ దేశపు కంపారీ వారి వశమయినది.

నా పూర్వవిద్యార్థి ఒకడు పారిస్‌లో ఒక హోటలు వంటశాలలో పని చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, నన్ను చూడవచ్చినాడు. ఈ సంగతులలో సగం అతడు మా అరుగుమీద కూర్చుండి చెప్పినవే. చిన్న పొట్లంలో ఎండిన చేదు నారింజ తొక్క కూడా తెచ్చినాడు. మా ఇంటావిడ వాసన చూసి, "ఏమండీ, పులిహోరకు తెచ్చిన దబ్బకాయ తొక్కను మేడమీద ఎండబెడితే అచ్చంగా ఇంతే కదా!" అన్నది. 

దీనిని ఎట్లా తాగుతారని అడిగినాను. "భోజనం అయినాక మాస్టారూ, మన తాంబూలం వేళకు" అన్నాడు. మూతి ముడుచుకొన్న చిన్న గాజుపాత్రలో అడుగున కొంచెం పోస్తారు. గుటకలు వేయరు. అరచేతి వేడికి ముందు నారింజ వాసన, తరువాత కొయ్య వాసన లేస్తాయట. కొందరు మంచుగడ్డ వేసుకొంటారు. కాని తన వృత్తిలో దీనికి అసలు చోటు వంటగదిలో అన్నాడు. గ్రుడ్డు తెల్లసొనను నురుగుగా గిలకొట్టి, ఆవంలో పొంగించే సూఫ్లేలో వేస్తారు. క్రెప్ సుజెత్ అనే వంటకంలో పలుచని గోధుమ అట్లను వెన్న, చక్కెర, నారింజ రసంలో ఉడికించి, ఇటువంటి నారింజ లికర్ పోసి, అతిథి ఎదుటనే నిప్పు ముట్టిస్తారు. నీలిమంట లేచి ఆరిపోతుంది. ఆ వంటకం ఎవరు కనిపెట్టినారన్నదానిపై అక్కడ ఇప్పటికీ తగవు నడుస్తున్నదట.

ఇక్కడ ఒక మాట చెప్పవలె. మద్యం ముట్టని మనవాళ్ళు విదేశాలలో ఈ మంట చూసి, "ఆల్కహాలంతా కాలిపోయినది, ఇక తినవచ్చును" అని సమాధానపడుతూ ఉంటారు. నిజం అది కాదు. అట్లా మంట పెట్టిన వంటకాలను పరీక్షిస్తే, వేసిన ఆల్కహాలులో సుమారు నాల్గింట మూడు వంతులు మిగిలే ఉన్నట్లు తేలినది. ఆవిరి పలుచబడగానే మంట ఆరిపోతుంది, ద్రవం పోదు. ముట్టరాదని వ్రతం పెట్టుకొన్నవారు మంటను నమ్మరాదు.

ఈ లెక్క విన్న తరువాతనే నా విద్యార్థి వ్రాసిన మాట నాకు వేరుగా వినిపించసాగినది. గ్రాన్ మార్నియేలో ఆల్కహాలు నూటికి 40 పాళ్ళు. విస్కీకి, బ్రాందీకి సాధారణంగా ఉండే బలమే. ముప్పది మిల్లీలీటర్ల చిన్న పాత్రలో పన్నెండు మిల్లీలీటర్లు శుద్ధ ఆల్కహాలు. చక్కెర దాని కారాన్ని కప్పుతుంది. నారింజ దాని వాసనను కప్పుతుంది. ఏ మోతాదయినా నిరపాయమని చెప్పడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. కాలేయానికి ఎర్ర రిబ్బను కనిపించదు.

మా పెదతండ్రిగారి కుమారుడు ఒకడుండేవాడు. నాకు అన్న వరుస. చదువుకొన్నవాడు, మంచి ఉద్యోగం, చక్కని గొంతు. పోతన పద్యం ఎత్తుకొంటే వీధిలో పోయేవారు నిలబడేవారు. రోజూ రాత్రి బ్రాందీ తాగేవాడు. మేము ఎవరమైనా మందలిస్తే, "నేను తాగేది సారా కాదురా తమ్ముడూ, బ్రాందీ. జలుబు చేస్తే డాక్టర్లే ఇస్తారు" అనేవాడు. సారా అనే మాట అతనికి అసహ్యం. దానిని తాగేవారు వేరే జాతి మనుష్యులని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే నలభై ఏడవ ఏట కాలేయం చెడి పోయినాడు. కోన్యాక్ కూడా బ్రాందీయే కదా! ఊటను కాచి ఆవిరి పట్టినది ఏదైనా సారాయే అన్న ఒక్క ముక్క మా ఇంటిలో ఎవరైనా సూటిగా చెప్పగలిగి ఉంటే బాగుండునని ఇప్పుడు అనుకొంటాను. ఆ ముక్క చెప్పిన కుర్రవానికి నేను అర మార్కు తగ్గించినాను.

ఐతే ఆ మాట పూర్తిగా సరియయినదా అంటే, కాదు. "సారా" అన్నమాటలో పీపాలు లేవు, రెండేండ్ల ఓపిక లేదు, తొక్క ఎండబెట్టిన చేతులు లేవు. తెలుగులో మనకు తాటికల్లు, ఈతకల్లు, ఇప్పసారా అని వేరువేరు మాటలున్నాయి. ఒకదాని చోట ఇంకొకటి వాడితే పల్లెవాళ్ళు నవ్వుతారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం చూడండి. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని విడివిడిగా చెప్పి, దేనిలో ఏమి ఎంత వేయవలెనో లెక్కకట్టినాడు. మామిడి పరిమళం గల సహకారసుర కూడా అందులో ఉన్నది. ఆ గ్రంథకర్త తాగుబోతులను తయారుచేయడానికి వ్రాయలేదు. అదుపులో పెట్టడానికి వ్రాసినాడు. అదుపులో పెట్టవలెనన్నా ముందు పేర్లు తెలియవలె.

నా మిత్రులకు నా సమాధానం ఇదే. పాఠంలో మద్యం ప్రసక్తి వస్తే పిల్లలు చెడతారన్న భయం నాకు లేదు. మన కళ్ళముందే దానికి విరుద్ధంగా జరిగినది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకాలలో సారా మీద పాఠం పెట్టినారు. రాత్రిబడిలో ఆ పాఠం చదువుకొన్న స్త్రీలు తమ ఇండ్ల సంగతే అందులో చూసుకొన్నారు. 1992లో దూబగుంట రోశమ్మ మొదలైనవారు కదిలి సారా దుకాణాలు మూయించినారు, సారా పాటలు సాగనీయలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషిద్ధమయినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేండ్లకే సడలిపోవడం వేరే కథ. ఆ వాచకం వ్రాసినవారు "సారా పేరు పాఠంలో ఎందుకు?" అని ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఉపాధ్యాయ మిత్రులు ఆలోచించవలె.

మరొక సంగతి. గ్రాన్ మార్నియే పుట్టిన నోఫ్ల్-ల-షాతో ఊరిలోనే ఫ్రెంచి రచయిత్రి మార్గరీత్ ద్యురాస్ ఇల్లు ఉన్నది. (ఇరాను దేశపు ఖొమేనీ 1978-79లో కొన్ని నెలలు తలదాచుకొన్నదీ ఆ ఊరిలోనే, మద్యం హరామన్న మతాచార్యునికి మద్యపు బట్టీ ఊరు ఆశ్రయమిచ్చినది!) ఆమె తాగుడుకు లోనయి, 1982లో ఆస్పత్రిలో చేరి కష్టమైన చికిత్స పొందినారు. 1987లో వెలువడిన తన వ్యాససంపుటంలో ఆ తాగుడు గురించి దాపరికం లేకుండా వ్రాసుకొన్నారు. ఆమెను చెరిచినది ఈ లికర్ అని నేను అనడం లేదు. కాని ఆ ఊరి సీసాను గురించి చెప్పే ఉపాధ్యాయుడు, ఆ ఊరి రచయిత్రిని గురించి కూడా అదే గంటలో చెప్పవచ్చును. పేరు ఎత్తకుండా దాటవేసే ఉపాధ్యాయునికి ఈ రెండూ చెప్పే అవకాశం పోతుంది.

తరువాతి వారం తరగతిలో ఆ పుట మళ్ళీ తీయించినాను. ఎండిన తొక్క పొట్లం అందరి చేతులలోనూ తిప్పించినాను. ఆ కుర్రవానికి అర మార్కు తిరిగి కలిపినాను. అతడు కూర్చోలేదు. "మాస్టారూ, పేరు గ్రాన్ మార్నియే అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'నారింజ తొక్కతో కాచి, పాత ద్రాక్షసారాతో కలిపిన తియ్యని సారా' అని ఒక ముక్క చేర్చవచ్చునా? వాక్యం పొడవవుతుందేమో" అన్నాడు. పొడవయినా ఫరవాలేదన్నాను. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "తియ్యని అన్న మాట ముందు వేస్తే చదివేవాళ్ళకు అదే గుర్తుంటుందండీ, సారా అన్న మాట ముందు వేయాలి" అన్నది. దానిమీద గంట కొట్టేవరకూ వాదించుకొన్నారు.